కెమేరాకు బొంత కప్పిన కథ

"ఒరేయ్ అబ్బాయ్! నీ మిషను నా పాటకి అడ్డుతాళం వేస్తోందిరా. దాన్నయినా ఆపు, నన్నయినా ఆపమను."

1968 నవంబరులో ఒకనాటి మధ్యాహ్నం మా మేనత్త అన్న మాట యిది. అని ఊరుకోలేదు. ఒళ్ళో పళ్ళెం పక్కన పెట్టి, చేసిన వత్తులన్నీ కట్టకట్టి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కెమేరా పట్టుకుని మండువాలో నిలబడిపోయాను.

అప్పట్లో నేను రాజమండ్రిలో ఒక కాలేజీలో ఫిజిక్సు డిమాన్‌స్ట్రేటర్ని. రెండు నెలల జీతం పోసి మద్రాసు మూర్ మార్కెట్టులో ఒక పాత 16 మిల్లీమీటర్ల సినిమా కెమేరా కొన్నాను. దానికి కరెంటు అక్కర్లేదు. గడియారానికి తిప్పినట్లు తాళం తిప్పితే స్ప్రింగు బిగుసుకుని, పాతిక సెకన్ల పాటు నడుస్తుంది. తరువాత మళ్ళీ తిప్పుకోవాలి. ఆ పాతిక సెకన్లూ అది చేసే రొద మాత్రం, పక్కవాటాలో ఎవరో కుట్టుమిషను తొక్కుతున్నట్లుంటుంది.

మా మేనత్తగారి ఊరు గోదావరి అవతల లంకలకు దగ్గర. చిన్నప్పుడే మామయ్య పోయాడు. ఒక్కడే కొడుకు. వాడికి భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. సంక్రాంతి వెళ్ళగానే తల్లిని తీసుకుపోతానని, ఇల్లు అమ్మకానికి పెట్టానని ఉత్తరం రాశాడు. అంటే మాకు మిగిలింది రెండు నెలలు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ మండువా వసారాలో కూర్చుని దీపాలకు వత్తులు చేసేది. చేస్తూ పాడేది. ఆడవాళ్ళ రామాయణపు పాటలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. అందులో "ఊర్మిళాదేవి నిద్ర" ఆవిడ నోట వినాలి. రాముడితో లక్ష్మణుడు అడవులకు పోతే ఆ పద్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రలోనే ఉండిపోతుంది. తిరిగి వచ్చిన భర్తను ముందు ఆమె గుర్తుపట్టదు. అత్తయ్య పాడితే ఆ పాట అరగంటకు పైనే సాగేది. ఒక్క అక్షరం కాగితం మీద లేదు. వాళ్ళ అత్తగారి నోట విని నేర్చుకున్నదట. కోడలికి రాదు. మా అమ్మకు సగమే వచ్చు. భిలాయి క్వార్టర్లలో మండువా ఉండదు, వినడానికి వచ్చే ఇరుగుపొరుగు అమ్మలక్కలు ఉండరు. అందుకే ఆవిడ పాటను, ఆ వత్తులు చేసే చేతులను, కలిపి పట్టి ఉంచాలని నా తాపత్రయం. ఒక స్నేహితుడు బ్యాటరీలతో నడిచే టేపు రికార్డరు అరువిచ్చాడు. అన్నీ కుదిరాయి. ఈ అడ్డుతాళం ఒక్కటే కుదరలేదు.

కెమేరా ఎందుకు అరుస్తుంది?

సినిమా ఫిల్ము కెమేరాలో నీళ్ళలా సాఫీగా పారుతుందని చాలామంది అనుకుంటారు. అలా పారితే బొమ్మ అలుక్కుపోతుంది. ఒక చిన్న ఉక్కు గోరు ఫిల్ము అంచున ఉన్న రంధ్రంలో దూరి దాన్ని ఒక్క బొమ్మంత కిందికి లాగి వదిలేస్తుంది. ఫిల్ము కదలకుండా నిలబడినప్పుడు బొమ్మ పడుతుంది. మళ్ళీ లాగుడు, మళ్ళీ ఆగుడు. సెకనుకు 24 సార్లు. సెకనుకు 24 సార్లు ఎవరైనా మనల్ని చెయ్యి పట్టి లాగి ఆపుతుంటే మనం మాత్రం అరవమా? దానికి తోడు పళ్ళచక్రాలు, స్ప్రింగు.

ఇది నా ఒక్కడి కష్టం కాదు. సినిమా మూగగా ఉన్నన్నాళ్ళు కెమేరా ఎంత అరిచినా అడిగేవాడు లేడు. 1927లో అమెరికాలో "ది జాజ్ సింగర్" వచ్చి, జనం మాటల సినిమాల వెంట పడేసరికి చిక్కు మొదలైంది. నటుల మాటలు పట్టే మైకు కెమేరా రొదను కూడా పట్టేది. అందుకని కెమేరానూ, కెమేరామాన్‌నూ కలిపి ఒక గదిలాంటి పెట్టెలో పెట్టి తలుపు వేసేవారు. ముందు ఒక అద్దం కిటికీ. లోపల గాలి ఆడదు. ఆ మనిషి చెమటతో తడిసి బయటికి వచ్చేవాడు. ఆ గది కదలదు గనక సినిమాలో బొమ్మ కూడా కదలడం మానేసింది. తరువాత బుద్ధిమంతులు మనిషిని బయట ఉంచి, కెమేరాకు మాత్రమే పెట్టె తొడిగారు. దాన్నే బ్లింపు అంటారు. 1934లో మిచెల్ కంపెనీ ఆ ఏర్పాటును కెమేరా ఒంట్లోనే కలిపి చేసిన రకం ఒకటి తెచ్చింది. పెద్ద స్టూడియోలు ఎన్నో ఏళ్ళు దానితోనే నెట్టుకొచ్చాయి.

మన దేశంలో మొదటి టాకీ "ఆలం ఆరా" 1931 మార్చి 14న బొంబాయిలో విడుదలయింది. దాన్ని తీసిన స్టూడియో రైలుపట్టాల పక్కన ఉండేది. బండ్ల చప్పుడు పడకుండా రాత్రిళ్ళు, రైళ్ళు ఆగిన వేళ చూసుకుని తీశారు. తరువాత తరువాత ఆరుబయట చిత్రీకరణకు తేలికపాటి కెమేరాలు వచ్చాయి. అవి భుజాన మోయడానికి హాయి, చెవికి మాత్రం గోల. దాంతో మనవాళ్ళు ముందు బొమ్మ తీసి, తరువాత స్టూడియోలో మాటలు మళ్ళీ చెప్పించే పద్ధతికి అలవాటుపడ్డారు. అందుకే 2001లో "లగాన్" మాటలు అక్కడికక్కడే పట్టి తీశారంటే అది ఒక వార్త అయింది.

మా అత్తయ్యను మద్రాసు తీసుకువెళ్ళి, తన పెదవుల కదలికకు సరిపోయేట్టు మళ్ళీ పాడమనగలనా? పాడిన పాట ఆవిడే రెండోసారి అలాగే పాడదు. కాబట్టి కెమేరా నోరు నొక్కడం తప్ప వేరే దారి లేదు.

మూడు ప్రయత్నాలు

మొదటిది అందరికీ తోచేదే. బొంత. పాత చీరలు కలిపి కుట్టిన మా యింటి బొంతను నాలుగు మడతలు వేసి, అద్దం వరకు కన్నం పెట్టి, కెమేరాకు కప్పాను. సన్నని గరగర తగ్గింది గాని టకటక అలాగే ఉంది. బొంత లోపల గాలి ఆడుతుంది కదా! గాలి పోయే దారిన చప్పుడూ పోతుంది. ఇంట్లోవాళ్ళు మాత్రం, కెమేరాకు జ్వరం వచ్చిందా అని నవ్వారు.

రెండోది పెట్టె. మా వీధి వడ్రంగి చేత అరంగుళం ప్లైవుడ్డుతో అడుగున్నర పొడవు పెట్టె చేయించి, లోపల రబ్బరు స్పాంజి అంటించాను. కెమేరాను అడుగు చెక్కకు మరతో బిగించి, మూత వేసి, మీట నొక్కాను. మీరు నమ్మరు, చప్పుడు పెరిగింది! వడ్రంగి చెవి ఆనించి విని, "మేష్టారండీ, మీరు పెట్టె చేయించలేదండీ, మద్దెల చేయించారు" అన్నాడు.

ఫిజిక్సు చదివిన నేను సిగ్గుపడవలసిన మాట అది. కెమేరా గాలిని మాత్రమే కదిలించదు, తాను కూర్చున్న చెక్కను కూడా కదిలిస్తుంది. మరతో బిగిస్తే ఆ వణుకంతా చెక్కల్లోకి పాకి, పెట్టె ఆరు ముఖాలూ ఆరు మద్దెల మూతల్లా మోగుతాయి. ఇక స్పాంజి సంగతి. స్పాంజి లోపల తిరిగే చప్పుడును కొంత పీల్చుకుంటుంది గాని, బయటికి పోయేదాన్ని ఆపలేదు. ఆపేది బరువు. తేలిక తలుపును తోస్తే ఊగుతుంది, రోలును తోస్తే ఊగదు. గోడ బరువు రెట్టింపు చేస్తే చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందని పుస్తకంలో పిల్లలకు చెప్పేవాణ్ణి. చేతుల్లోకి వచ్చేసరికి మరిచిపోయాను.

మూడోసారి ఈ తప్పులన్నీ దిద్దుకున్నాను.

కెమేరాకు, పెట్టెకు మధ్య ఇనుము ముట్టుకోకుండా చేశాను. సైకిలు ట్యూబులు కోసి, నాలుగు మూలల నుంచి ఉయ్యాలలా కట్టి, దానిమీద ఒక చిన్న పీట పెట్టి, పీటకు కెమేరాను బిగించాను. పాత సామాన్ల కొట్టులో మిల్లీమీటరు మందం సీసపు రేకు దొరికితే, దాన్ని పెట్టె లోపల ఆరు వైపులా పరిచాను. దానిమీద స్పాంజి. సీసం విషం. కోసినప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కున్నాను, పొడి ఇంట్లో రాలనివ్వలేదు. ఈ రోజుల్లో ఆ పనికి బరువైన రబ్బరు పట్టాలు దొరుకుతున్నాయి. ఎవరైనా చేయదలిస్తే సీసం జోలికి పోకండి.

తరువాత సందులు. ఇది అందరూ తేలిగ్గా తీసుకునే చోటు. పెట్టె వైశాల్యంలో నూటికి ఒక్క వంతు సందు మిగిలినా చాలు, మిగతా గోడ కోటగోడంత మందంగా ఉన్నా చప్పుడు 20 డెసిబెల్స్‌కు మించి తగ్గదు. మూత అంచున చుట్టూ మందపాటి ఫెల్టు అంటించి, ఒక గొళ్ళెం ఉన్నచోట నాలుగు పెట్టించాను. ముందున్న కంతకు గాజు పలక వేసి, దాని చుట్టూ ట్యూబు ముక్క తొడిగాను. గాజు నిటారుగా ఉంటే ఆకాశం వెలుగు దానిమీద తళుక్కుమని లెన్సులోకి కొడుతుంది. అందుకని కాస్త కిందికి వంచి బిగించాను. మీట నొక్కడానికి ఫోటోగ్రాఫర్లు వాడే కేబుల్ రిలీజును సన్నని కంతలోంచి బయటికి తీసి, చుట్టూ మైనం పూశాను.

తాళం తిప్పే పిడిని కూడా బయటికి తెద్దామనుకున్నాను. కాని అదొక పెద్ద కంత అవుతుంది. అందుకని తాళం తిప్పవలసి వచ్చినప్పుడల్లా మూత తీసి వేయడానికే ఒప్పుకున్నాను. కెమేరాలోంచి చూసే వీలు కూడా పోయింది. బొమ్మ ఎంతవరకు పడుతుందో ముందే కొలుచుకుని, పెట్టె మీద ఇనుప తీగతో ఒక చట్రం నిలబెట్టాను. అందులోంచి కనిపించిందే ఫిల్ము మీద పడుతుందని నమ్మకం.

లోపల ఇంకా ఖాళీ మూలలు మిగిలాయి. వాటిలో కూరడానికి దూది కావాలన్నాను. అత్తయ్య వత్తుల దూదిలోంచి రెండు గుప్పెళ్ళు తీసి ఇచ్చింది. "దేవుడి దీపానికి ఉంచింది. పాట కోసమంటున్నావు గనక ఇస్తున్నాను. పాడుచేయకు" అంది.

ఇసుకలో పరీక్ష

చప్పుడు కొలిచే యంత్రం మా దగ్గర లేదు. చెవులు, కాళ్ళు ఉన్నాయి. డిసెంబరులో ఒక రాత్రి స్నేహితుడూ నేనూ గోదావరి ఇసుకలోకి వెళ్ళాం. హేవ్‌లాక్ వంతెన మీద బండి దాటేదాకా ఆగి, బొంబాయివాళ్ళ లాగే రైలు పోయిన తరువాత పని మొదలుపెట్టాం.

ముందు కెమేరాను వట్టిగా నడిపాను. నా స్నేహితుడు టకటక వినిపించడం ఆగేదాకా వెనక్కి నడుస్తూ అంగలు లెక్కపెట్టాడు. 32 అంగలు. బొంత కప్పితే 20. పెట్టెలో పెట్టి నాలుగు గొళ్ళాలూ వేసి నడిపాను. వాడు నాలుగో అంగ దగ్గర ఆగిపోయి, "ఇంకా మీట నొక్కలేదా?" అని అడిగాడు.

ఆరుబయట దూరం సగమైతే చప్పుడు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. 32 నుంచి 16, 16 నుంచి 8, 8 నుంచి 4. మూడు సగాలు, మొత్తం 18 డెసిబెల్స్. అంటే బయటికి వచ్చే శబ్దశక్తి ఇంచుమించు అరవయ్యో వంతుకు పడిపోయిందన్న మాట. బొంత, బద్దలు, ట్యూబులు, దూదితో చేసిన దానికి అది తక్కువ కాదు. ఆ రాత్రి మేమిద్దరం ఇసుకలో గంతులు వేశామంటే అతిశయోక్తి కాదు.

పాట రోజు

కెమేరాతో కలిపి పెట్టె 18 కిలోలు తూగింది. నా ముక్కాలి పీట దాన్ని మోయలేనంది. మండువాలో రోలు ఉంది. దానిమీద బల్ల వేసి పెట్టెను కూర్చోబెట్టాను. అత్తయ్య నేల మీదే కూర్చుంటుంది గనక ఎత్తు సరిగ్గా సరిపోయింది. పెట్టెను ఆవిడకు 12 అడుగుల దూరాన ఉంచి, మైకును మాత్రం ఆవిడ మోకాలి పక్కన, చీర కుచ్చెళ్ళ చాటున పెట్టాను. చప్పుడు చేసేది ఎంత దూరమో, పాడేవారు ఎంత దగ్గరో, సగం గెలుపు అక్కడే ఉంది.

నా దగ్గర వందేసి అడుగుల ఫిల్ము చుట్టలు రెండే ఉన్నాయి. ఒక్కొక్కటి 2 నిమిషాల 46 సెకన్లు. పాట అరగంట. కాబట్టి టేపు పూర్తిగా నడవాలి, కెమేరా మాత్రం ఎంచుకున్న చోట్ల పాతికేసి సెకన్లు నడవాలి. రెండు చరణాలు పాడి ఆగమని, నేను తాళం తిప్పుకుంటానని అత్తయ్యకు చెప్పాను. "అలాగే. నువ్వు తిప్పుకునేదాకా నేను వత్తులు లెక్కపెట్టుకుంటాను" అంది.

మొదలుపెట్టింది. ఒకసారి పెట్టె వంక చూసింది, చెవి రిక్కించింది. ఏమీ వినపడలేదు. ఆ తరువాత ఇక చూడలేదు. అరచేతుల మధ్య దూది తిరుగుతోంది. ఆ చేతి విసురే తాళం. టేపు రికార్డరు ముల్లు పాటకు మాత్రమే లేస్తోంది. ఆవిడ ఊపిరి తీసినప్పుడు పడిపోతోంది. ఇరవై రోజులు నేను పడ్డ పాటు ఆ ముల్లు పడిపోవడం చూడటానికే.

రెండేసి చరణాలకు ఆగుతూ పాట సగం దాటింది. ఊర్మిళ మేలుకునే ఘట్టం వచ్చింది. అత్తయ్య ఆగడం మరిచిపోయింది. నేను గడియారం చూడటం మరిచిపోయాను. ఆవిడ కళ్ళు చెమర్చాయి. వత్తి చేస్తున్న చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. నా జన్మలో అంత మంచి బొమ్మ నేను చూడలేదు. తీగ చట్రంలోంచి అంతా చూస్తూ, అంతా పడుతోందని సంబరపడుతున్నాను.

ఘట్టం అయ్యాక మూత తీశాను. స్ప్రింగు ఎప్పుడో అయిపోయింది. పాటలో ఊర్మిళ మేలుకునే వేళకు పెట్టెలో కెమేరా నిద్రపోయింది.

వట్టి కెమేరా అయితే చప్పుడు ఆగగానే తెలిసేది. నేను దాని నోరు అంత గట్టిగా నొక్కాను గనక, అది ఆగిన సంగతి కూడా నాకు చెప్పలేకపోయింది. పెట్టె మీద చెయ్యి వేసినా తెలియదు. ట్యూబుల ఉయ్యాల వణుకును బయటికి రానివ్వదు కదా! కిటుకు తెలిసినవాడైతే పక్కన ఒకణ్ణి కూర్చోబెట్టి సెకన్లు లెక్కపెట్టించేవాడు. మిగతా పాటకు మా తమ్ముడి చేత అదే చేయించాను.

"మళ్ళీ పాడతావా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "లేచిన మనిషిని మళ్ళీ పడుకోబెట్టి లేపమంటావా?" అంది.

ఆ సాయంత్రం టేపు వినిపించాను. తన గొంతు తాను వినడం ఆవిడకు అదే మొదలు. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "గొంతు ఇంత గరుగ్గా ఉందా నాది? పోనీలే, పాట ఎక్కడా తప్పలేదు" అంది. సంక్రాంతి వెళ్ళాక కొడుకుతో భిలాయి వెళ్ళిపోయింది. 1974లో అక్కడే పోయింది.

ఇప్పటివాళ్ళకు ఒక మాట

ఆ ఫిల్ము అయిదున్నర నిమిషాలు మా యింట్లో ఇప్పటికీ ఉంది. టేపు తరువాత క్యాసెట్టులోకి, ఆ తరువాత కంప్యూటరులోకి ఎక్కింది. ఊర్మిళ మేలుకునే ఘట్టానికి బొమ్మ లేదు, పాట ఉంది. భిలాయిలో పుట్టిన మనవరాలు దాన్ని వింటూ పాట పూర్తిగా నేర్చుకుంది. పెట్టె అటక మీద ఉంది. అందులో చింతపండు దాచుకుంటానని మా ఆవిడ అడిగితే, సీసం సంగతి చెప్పి వద్దన్నాను.

ఇప్పుడు ఫోనులోనే సినిమా తీయవచ్చు. అందులో ఫిల్ము లేదు, లాగే గోరు లేదు, టకటక లేదు. కాని ఇళ్ళలో ఫ్యాను ఉంది, ఫ్రిజ్జు ఉంది, కూలరు ఉంది. మీ యింట్లో పాడే పెద్దవాళ్ళుంటే, ఆ కాసేపు అవన్నీ ఆపండి. ఫోనుకు కబుర్లు రాకుండా చేసి, మడిచిన తువ్వాలు మీద పెట్టండి. బల్ల వణుకు దానికి ఎక్కదు. దూరంగా నిలబడి పెద్దగా చేసి తీయకండి, దగ్గరగా పెట్టి మరిచిపోండి. నడుస్తోందో లేదో చూడటానికి మాత్రం ఒక మనిషిని పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు, పాడేవారిని అడగండి, ఏది అడ్డు వస్తోందని. మైకుకు పట్టుబడనిది కూడా వాళ్ళకు వినిపిస్తుంది. మా అత్తయ్య ఆనాడు విసుక్కుని లేచిపోకపోతే, నేను బొమ్మలు తీసుకుని సంతోషంగా ఇంటికి వచ్చేవాణ్ణి. పాట మాత్రం వచ్చేది కాదు.